దాచుకునే తీరులో దొరికే మనిషి: నవలలో ‘డిస్టర్బ్‌డ్’ పాత్ర ఎలా తయారవుతుంది?

బెంగళూరులో తెలుగు రాసేవాళ్ళం ఏడెనిమిది మందిమి నెలకో ఆదివారం కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర కూర్చుని, రాసుకున్నవి ఒకరికొకరం చదివి వినిపించుకుంటాం. ఏడాదిగా మా ముందుకొస్తున్న నవలల్లో ఒకే మనిషి రకరకాల పేర్లతో తిరుగుతున్నాడు. రాత్రుళ్ళు నిద్రపోడు. తాగుతాడు. ప్రేమగా ఉన్నవాళ్ళ మీద అరుస్తాడు. ఎనిమిదో అధ్యాయానికి అటూఇటూగా చిన్నతనంలో జరిగిన ఘోరమొకటి బయటపడుతుంది. అది చెప్పేశాక పాత్ర పూర్తయిందని రాసినవాళ్ళు అనుకుంటారు. విన్నవాళ్ళకు మాత్రం ఆ మనిషి రేపు పక్క గదిలో దిగినా గుర్తుపట్టలేమనిపిస్తుంది.

ఇందులో రాసేవాళ్ళ తప్పు కన్నా మాటలు తెచ్చిన గందరగోళమే ఎక్కువని నా నమ్మకం. ట్రామా, డిప్రెషన్, ట్రిగ్గర్, టాక్సిక్ లాంటివి ఇప్పుడు మారతహళ్ళి పీజీల్లో ఇడ్లీ తింటూ అనేసుకునే మాటలు. మనసు గురించి నోరు తెరిచి మాట్లాడుకోగలగడం నిజంగా మంచిదే. కానీ ఆ మాటలు నవలలోకి వచ్చి, మనిషిని చూపించాల్సిన చోట తామే కూర్చుంటున్నాయి. ‘అతను ట్రామాలో ఉన్నాడు’ అని రాసేశాక, అతను అన్నం ఎలా తింటాడో రాయాలన్న ఆలోచన రావడం లేదు. అందుకే ఈ ‘డిస్టర్బ్‌డ్ క్యారెక్టర్’ అనే ముడిని మొదటి నుంచీ విప్పి చూద్దాం.

బాధలో ఉన్నవాడు, జబ్బుపడ్డవాడు, నలుగుతున్నవాడు

మూడు వేర్వేరు సంగతులు ఒకే మాట కింద కలిసిపోయాయి. తండ్రి పోయి పక్షం రోజులుగా సరిగ్గా తినని కొడుకు బాధలో ఉన్నాడు. కారణం అందరికీ తెలుసు, చుట్టూ మనుషులున్నారు, కొంత కాలమే మోస్తుంది. జబ్బు వేరు. లక్షణాలేమిటి, ఎన్నాళ్ళుగా ఉన్నాయి, రోజువారీ బతుకు ఎంత దెబ్బతింది అన్నవి చూసి వైద్యులు పెట్టే పేరు అది. జబ్బున్న ప్రతి మనిషీ నవలలో అల్లకల్లోలంగా ఉండాలని లేదు. మాత్రలు వేసుకుని, బస్సెక్కి, పనికెళ్ళి, సాయంత్రం పిల్లల లెక్కలు చూసే మనిషి జబ్బున్న మామూలు మనిషే.

నవలకు ఎక్కువ పనికొచ్చేది మూడోది. బాధను తట్టుకోవడానికి ఒకరు పట్టుకున్న ఉపాయమే తిరిగి ఆ బాధను పెంచుతోంది. ఆ సంగతి తనకు సగం తెలుసు. అయినా ఉపాయాన్ని వదల్లేడు. నలుగుతున్నవాడంటే అతను. జబ్బు ఉండొచ్చు, లేకపోవచ్చు. మంచివాడు కావచ్చు, కాకపోవచ్చు. ఈ నిర్వచనం నాకు నచ్చడానికి కారణం, కథ దీని లోపలే ఉంది. ఉపాయం గానుగలా తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి నలిగిపోతుంది.

తెలుగు నవలకు ఇలాంటివాళ్ళు కొత్త కాదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు 1940లలోనే వచ్చాడు. ఆ తర్వాత రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య వచ్చాడు. ట్రామా అన్న మాట మన వాక్యాల్లోకి రాకముందే వాళ్ళున్నారు.

సుధాకర్ అనే మనిషిని కట్టడం

ఊరికే వాదించుకుంటే తేలే విషయం కాదని, ఒక ఆదివారం అందరం కలిసి ఒక పాత్రను కల్పించాం. పేరు సుధాకర్, వయసు 38. మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాసేవాడు, ఇప్పుడు బెంగళూరులో క్యాబ్ నడుపుతున్నాడు. మారతహళ్ళిలో ఇంకో ముగ్గురు డ్రైవర్లతో ఒక గదిలో ఉంటాడు. తల్లి, భార్య గీత, ఏడో తరగతి చదివే కూతురు ఊళ్ళోనే ఉన్నారు. సుధాకర్ ఫోన్లో డబ్బు పెట్టి రమ్మీ ఆడతాడు. కథ జరిగేది 2023లో.

ఆ ఏడాదినే ఎంచుకోవడానికి కారణముంది. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేల ఆటల్ని నిషేధించింది. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధంలోని ముఖ్యమైన సెక్షన్లను 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది 2025 ఆగస్టులో. అంటే 2023లో మదనపల్లెలో తెరుచుకోని ఆట బెంగళూరులో తెరుచుకునేది.

నవలాకారుడికి ఇది బంగారం లాంటి వివరం. చింతామణి మీదుగా ఊరు మూడు గంటల దారి. సుధాకర్ శనివారం రాత్రి ఇంటికి బయల్దేరితే రాష్ట్ర సరిహద్దు దాటాక ఫోన్లో ఆట మూగబోతుంది. ఇంట్లో ఉన్న ఒకటిన్నర రోజూ కూతురికి జడ వేస్తాడు, మిద్దె మీద నీళ్ళ తొట్టి కడుగుతాడు, హాయిగా నిద్రపోతాడు. ‘ఊరికొస్తే నా కొడుకు మొగమే మారిపోతాది’ అని తల్లి మురిసిపోతుంది. ఆ మురిపెం అబద్ధం కాదు, దానికి కారణం మాత్రం ఆమె అనుకున్నది కాదు. ‘ఈడనే ఉండిపో నాయనా’ అని ఆమె అడిగినప్పుడు, తనను బాగుచేసే మాట అదొక్కటేనని సుధాకర్‌కు తెలుసు. అయినా సోమవారం తెల్లారకముందే బయల్దేరతాడు. సరిహద్దు ఇవతల టీ కొట్టు దగ్గర బండి ఆపుతాడు. టీ కోసమేనని తనకు తాను చెప్పుకుంటాడు.

ఇంతవరకూ అతని చిన్నతనం గురించి మేం ఒక్క మాట కూడా అనుకోలేదు.

గాయం, నమ్మకం, కోరిక: తరగతుల్లో చెప్పే లెక్క

నవల రాయడం నేర్పే ఇంగ్లీషు తరగతుల్లో ఒక లెక్క తరచుగా వినిపిస్తుంది. మనిషికి ఒక పాత గాయం ఉంటుంది. దాని నుంచి ఒక తప్పుడు నమ్మకం పుడుతుంది. ఆ నమ్మకం ఒక కోరిక వెంట పరుగెత్తిస్తుంది, నిజంగా అవసరమైనది మాత్రం వేరే ఉంటుంది. కోరిక కోసం అవసరాన్ని తొక్కుకుంటూ పోవడమే కథ.

సుధాకర్‌తో ఈ లెక్క చేసి చూశాం. అతనికి పదేళ్ళప్పుడు టమాటా ధర పడిపోయింది. బండి కిరాయి కూడా రాదని తండ్రి పంటనంతా రోడ్డు పక్కన పారబోశాడు. తర్వాతి వారమే ధర ఎగిసింది. ‘ఇంకొక్క వారం ఆగుంటే’ అన్న మాట ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి వినపడుతూనే ఉంది. ఓడిపోవడమంటే తొందరపడి వదిలేయడమేనని సుధాకర్ మనసులో నాటుకుంది. పోయిన డబ్బును అదే ఆటలో తిరిగి రాబట్టుకోవాలన్నది కోరిక. పోయింది పోయిందని ఒప్పుకోవడం అవసరం. పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్ళీ మళ్ళీ ఆడటం జూద వ్యసనానికి గుర్తని వైద్యులూ చెబుతారు. అక్కడ లెక్కా వైద్యమూ కలిశాయి.

ఈ పద్ధతితో పాత్రకు ఒక దిశ వస్తుంది, రాసేవాళ్ళు దారి తప్పరు. కానీ మా గుంపులో బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. ‘వీడికో చెల్లెలుందనుకోండి. ఆ మాటలే విని పెరిగింది. పది రూపాయలు ఖర్చు పెట్టడానికి వందసార్లు ఆలోచించే మనిషయింది. ఒకే గాయం ఇద్దర్ని రెండు రకాలుగా ఎలా చేసింది?’ ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. గాయం మనిషిని వివరిస్తుందని ఒప్పుకున్నా, ఈ మనిషినే ఎందుకు తయారుచేసిందో అది చెప్పలేదు. ఆ తేడా వేరే చోట వెతకాలి.

భరతుడి జాబితాలో ‘అవహిత్థ’

నాకు ఆ చోటు నాట్యశాస్త్రంలో దొరికింది. భరతుడు 49 భావాలు లెక్కించాడు: స్థాయీ భావాలు (లోపల నిలిచి ఉండేవి) 8, సాత్త్విక భావాలు (కన్నీరు, వణుకు లాంటివి) 8, వ్యభిచారీ భావాలు 33. వ్యభిచారీ భావాలంటే నిలకడగా ఉండక వచ్చిపోయేవి. విషాదం, శంక, గర్వం, దైన్యం, ఉన్మాదం అన్నీ ఆ వరుసలోనివే. వాటి మధ్య అంతగా ఎవరూ పట్టించుకోని మాట ఒకటుంది: అవహిత్థ. లోపలిది బయటికి కనబడకుండా కప్పిపుచ్చుకోవడం.

అది దేనివల్ల పుడుతుందో ఆయన చెప్పాడు: సిగ్గు, భయం, ఓటమి, గౌరవం, కపటం. రంగస్థలం మీద ఎలా కనబడాలో కూడా చెప్పాడు: అడిగిందొకటైతే వేరొకటి చెప్పడం, మాట మధ్యలో తెగిపోవడం, తెచ్చిపెట్టుకున్న ధైర్యం. దాచుకోవడం కూడా ఒక భావమే, దానికీ బయటికి కనబడే గుర్తులుంటాయి అన్న ఆలోచన నవల రాసేవాళ్ళకు ఎంత విలువైనదో ఎంత చెప్పినా తక్కువే. అన్నాచెల్లెళ్ళ గాయం ఒకటే కావచ్చు, ఇద్దరూ దాన్ని ఒకే తీరుగా దాచుకోరు. తేడా అక్కడుంది.

మరి సుధాకర్ ఎలా దాచుకుంటాడు? ఎక్కడ కూర్చున్నా ఫోన్ బోర్లా పెడతాడు. ప్రతి నెలా 5వ తారీఖున ఇంటికి సరిగ్గా 12,000 పంపుతాడు, అప్పు చేసైనా సరే. లోన్ యాప్ వాళ్ళు ఫోన్ చేస్తే హిందీలోనే మాట్లాడతాడు. గదిలో ఉన్న ముగ్గురికీ హిందీ వచ్చు, కాబట్టి అది వాళ్ళ దగ్గర దాచడానికి కాదు. అమ్మతో మాట్లాడే భాషలో తిట్లు తినడం ఇష్టం లేదు, అంతే. పరాయి భాషలో పడ్డ మాట చర్మం దాకా వచ్చి ఆగుతుంది. బెంగళూరులాంటి ఊళ్ళో బతికే తెలుగువాడికి ఈ వెసులుబాటు ఉంది. మన నవలలు దీన్ని ఇంకా సరిగ్గా వాడుకోలేదని నాకనిపిస్తుంది.

ఇంకొకటి మా గుంపులో నెల్లూరమ్మాయి చెప్పింది. గెలిచిన రోజు సుధాకర్ ఎవరికీ ఏమీ ఇప్పించడు, ఆ డబ్బు మళ్ళీ ఆటకు కావాలి. ఓడిన రోజే అందరికీ టీ ఇప్పిస్తాడు. దాన్ని సన్నివేశంగా రాస్తే ఇలా వచ్చింది:

రాత్రి పదకొండు దాటింది. అమ్మ ఫోన్ చేసింది.
‘తింటివా నాయనా?’
‘తింటిలేమా. నువ్వు పండుకో.’
‘గొంతేమి అట్లుండాది?’
‘పగలంతా ఏసీ బండి కదమా.’
ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, కొట్టు వైపు తిరిగి చెయ్యెత్తాడు. ‘అన్నా, నాలుగు టీ. నా లెక్క.’
‘ఏమన్నా, పండగా?’ అన్నాడు గదిలో చిన్నవాడు.
‘తాగు రా, మాట్లాడకుండా.’

ఓటమి అన్న మాట ఇందులో లేదు. మొదటిసారి చదివినవాళ్ళు సుధాకర్‌ది పెద్ద చెయ్యి అనుకుంటారు. మూడోసారి టీలు వచ్చేసరికి వాళ్ళ గుండె జారుతుంది.

దీనికీ హద్దులున్నాయి. అన్నీ దాచే పాత్ర పాఠకులకు కూడా అందకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే ‘నేను’ అని సొంత గొంతుతో చెప్పే కథల్లో లోపలి మాటలు ధారాళంగా రాస్తారు. అదీ సరైన దారే. ‘నేను’ అని చెప్పేవాడు తనకు తానే ఏం దాచుకుంటున్నాడో అప్పుడు చూడాలి.

గతం ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

టమాటాలు పారబోసిన రోజును నవలలో ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాకు పెద్ద వాదనే నడిచింది. చివరిదాకా దాచితే చదివించే గుణం వస్తుందని కొందరన్నారు. అలా దాచితే పాత్ర పొడుపుకథ అయిపోతుందని, విప్పేశాక ఇక ఏమీ మిగలదని ఇంకొందరన్నారు. అసలు చెప్పనే అక్కర్లేదు, కొందరు ఎందుకిలా ఉన్నారో బతికినంత కాలం మనకు తెలియదు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. మూడింటితోనూ మంచి నవలలు రాయొచ్చు.

నేను మొగ్గేది నాలుగో దారికి. ముందే చెప్పాలి, చిన్నగా చెప్పాలి. మూడో పేజీలో ఒక వాక్యం: ‘సుధాకర్ రోజూ పొద్దున ఫోన్లో మదనపల్లె టమాటా ధర చూస్తాడు, అతనికిప్పుడు చేనూ లేదు, మండీ పనీ లేదు.’ ఇరవయ్యో పేజీలో తండ్రి పారబోసిన సంగతి, అదీ వేరే మాటల మధ్యలో. అప్పుడు గతం తాళంచెవిలా ఉండదు. పాఠకులు ‘ఎందుకిలా అయ్యాడు’ అని వెతకడం మానేసి ‘ఇప్పుడేం చేస్తాడు’ అని భయపడటం మొదలుపెడతారు.

జబ్బుకు పేరు పెట్టాలా?

సుధాకర్‌ది జబ్బేనా? 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, జూదాన్ని వ్యసనపు ప్రవర్తనల కింద చేర్చింది. ఫోన్, ఆటలు, ఇంటర్నెట్ వాడకం చెయ్యి దాటినవాళ్ళ కోసం బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచే ‘షట్’ అనే క్లినిక్ ఉంది. కాబట్టి కథలో వైద్యులు పేరు పెట్టగలరు. రచయిత పెట్టాలా అన్నది వేరే ప్రశ్న.

పెట్టాలనేవాళ్ళ వాదన బలమైనది. పేరు లేకపోతే పాఠకులు ‘కొవ్వెక్కి ఆడుతున్నాడు’ అనేస్తారు. సాయం దొరికే చోటుందని నవల చదివి తెలుసుకున్నవాళ్ళూ ఉంటారు. వద్దనేవాళ్ళదీ తీసిపారేసేది కాదు. పేరు రాగానే మనిషి వెనక్కి పోయి లక్షణాల పట్టీ ముందుకొస్తుంది, అతను చేసే ప్రతి పనీ జబ్బు ఖాతాలో పడుతుంది. నాకు తోచింది, పేరును రచయిత నోట కాకుండా కథలో ఒకరి నోట పలికించడం. ఎవరు, ఏ గొంతుతో, ఏ భాషలో అన్నారన్నది కూడా అప్పుడు కథలో భాగమవుతుంది.

పేరు పెట్టినా పెట్టకపోయినా వివరాలు సరిగ్గా ఉండాలి. ఇక్కడ మా చేతికొచ్చే రాతప్రతులు చాలా తప్పులు చేస్తాయి. మానసిక ఆసుపత్రులున్న హైదరాబాదు ఎర్రగడ్డ, చెన్నై కీల్పాక్ లాగే బెంగళూరులో నిమ్హాన్స్ పేరు వెక్కిరింపుగా వాడేవాళ్ళున్నారు. నిజంగా అక్కడికెళ్ళి చూస్తే హోసూరు రోడ్డు మీది ఆ గేటు దగ్గర తలకు దెబ్బ తగిలినవాళ్ళు, ఫిట్స్ వచ్చే పిల్లలు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళు కూడా కనిపిస్తారు. అది మనసుకే కాదు, నరాలకూ మెదడుకూ ఆసుపత్రి. దాని మూలాలు 1847 నాటి పిచ్చాసుపత్రిలో ఉన్నాయి. ఇప్పటి సంస్థ ఏర్పడింది 1974లో. ‘తలనొప్పికి చూపించుకోవడానికి వచ్చినా’ అని సుధాకర్ ఆ గేటు దగ్గర ఊరివాళ్ళతో అబద్ధమాడగలడు, వాళ్ళు నమ్మగలరు కూడా. అవహిత్థకు అంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు.

కట్టేసి కరెంటు షాక్ ఇచ్చే దృశ్యం మన కథలను ఇంకా వదల్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని నిషేధించింది. 2023 కథలో ఆ దృశ్యం పెడితే అది నేరం జరిగిన దృశ్యం అవుతుంది, చికిత్స దృశ్యం కాదు. కథ 1975లో జరిగితే లెక్క వేరు. పాత్ర బతికిన ఏడాది తెలిస్తే ఇలాంటివన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ-మానస్ 2022 అక్టోబరులో మొదలైంది, దాని నంబరు 14416 సుధాకర్‌కు తెలుసు. ఒక రాత్రి చేస్తాడు. ఏ భాషలో మాట్లాడతారో ఎంచుకోమన్న దగ్గర అతని వేలు ఆగిపోతుంది. తెలుగు నొక్కితే నిజం చెప్పాల్సి వస్తుంది. పెట్టేస్తాడు.

గీత లెక్క

ఇలాంటి నవలల్లో అతి పెద్ద లోపం, చుట్టూ ఉన్నవాళ్ళు ఏడవడానికే ఉంటారు. భార్య ఏడుస్తుంది, తల్లి మొక్కుకుంటుంది, స్నేహితుడు బోధిస్తాడు. సుధాకర్ పాత్ర మీద జాలి పుట్టించాలా వద్దా అని గంటలు వాదించాం. చివరికి ఆ వాదనను గీత తీర్చింది.

గీత ఊళ్ళో జాకెట్లు కుడుతుంది. పండగ నెలలో ఎక్కువ, ఆషాఢంలో తక్కువ: చేతిపని రాబడి ఎలా పెరిగి తగ్గుతుందో ఆమెకు తెలుసు. క్యాబ్ నడిపేవాడి సంపాదన కూడా అంతే కదా. అలాంటిది, బండి రిపేరుకొచ్చి పది రోజులు నిలిచిపోయిన నెలలో కూడా 5వ తారీఖున 12,000 వచ్చాయి. తక్కువొస్తే ఆమెకు అనుమానం వచ్చేది కాదు. సరిగ్గా రావడం వల్లే వచ్చింది. భర్త తన పరువు కోసం కట్టుకున్న గోడే ఆమెకు సాక్ష్యమైంది.

అప్పుడు నవలలో రెండు మనసులు పనిచేస్తాయి, ఒకటి దాస్తూ, ఒకటి చదువుతూ. సుధాకర్ ఎందుకలా చేశాడో పాఠకులకు అర్థమవుతుంది. గీత గాజులు తాకట్టు కొట్టుకు వెళ్ళినప్పుడు ఆ అర్థం కావడం క్షమించడంగా మారాల్సిన అవసరం లేదు. ‘ఎంత పోయిందో చెప్పు మామా. కథ చెప్పొద్దు, అంకె చెప్పు’ అని ఆమె అడిగే దృశ్యం ఎవరో గబగబా కాగితం మీద రాసి చదివితే, కాసేపు పార్కులో అందరం మాట్లాడకుండా కూర్చున్నాం.

ముగింపు మీద తగువు

బ్యాంకు పెద్దాయనకు పతనం కావాలి. అబద్ధం చెప్పకుండా కథ అక్కడికే పోతుందని ఆయన వాదన. నెల్లూరమ్మాయికి సుధాకర్ క్లినిక్‌కు వెళ్ళి బాగుపడాలి. ఇలాంటి కథలన్నీ చావుతో ముగిసి ముగిసి, చదివే వాళ్ళలో నలుగుతున్నవాళ్ళకు వేరే దారి కనిపించడం లేదని ఆమె కోపం. ఆ కోపం న్యాయమైనది. మాలో నర్సుగా చేసే ఒకామె ఇద్దరితోనూ ఏకీభవించలేదు. మానేయడం ఒక్కసారి జరిగేది కాదు, మానేసి మళ్ళీ ఆడి మళ్ళీ మానేసేవాళ్ళనే తాను ఎక్కువగా చూశానంది. మార్పు చూపించాలంటే ఆట మానడం దగ్గర వెతకొద్దు, దాచడం దగ్గర వెతకమంది. తర్వాతి నెల ఆమె ఒక పేజీ రాసుకొచ్చింది.

అందులో సుధాకర్ ఆ రాత్రి కూడా ఆడాడు, ఓడాడు. కొట్టు దగ్గరికి వచ్చి ఒక్క టీ చెప్పాడు.

‘ఏమన్నా, ఈ పొద్దు మాకు లేదా?’ అన్నాడు చిన్నవాడు.

‘లేదురా. ఆరు వేలు పోగొట్టుకుంటి.’

ఫోన్ బల్ల మీద వెల్లకిలా పెట్టి, తన టీకి చిల్లర కోసం జేబులో వెతుక్కున్నాడు.